దారి అడిగితే: విదేశీ యాత్రలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చినవే. బరంపురం, పర్లాకిమిడి, జయపురం, గుణుపురం, రాయగడ పాఠకులు వీసా, విమానాల సంగతి కంటే చూడబోయే స్థలాల గురించే ఎక్కువగా అడిగారు. అది మాకు సంతోషం కలిగించింది. రుసుములు, వీసా నిబంధనలు తరచుగా మారుతుంటాయి కనుక, ఇక్కడ రాసినవాటిని బయలుదేరే ముందు ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్లలో మరొకసారి సరిచూసుకోవలసిందిగా మనవి.

ప్రశ్న: డిసెంబరులో మా వారు, మా అత్తగారు, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, నేను థాయిలాండ్, కంబోడియా వెళ్లాలనుకుంటున్నాం. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన ఆరు రోజుల కార్యక్రమంలో అంగ్‌కోర్ వాట్‌కు ఒక్క పూటే కేటాయించారు. తెల్లవారుజామున సూర్యోదయం చూసి, మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చేయాలట. “గుళ్లన్నీ ఒకేలా ఉంటాయి, అంతకంటే అవసరం లేదు” అంటున్నారాయన. నిజమేనా? మా అత్తగారు మెట్లు ఎక్కలేరు, పైగా శాకాహారి. దగ్గరలో ఏదో పెద్ద సరస్సు ఉందంటున్నారు, చిలికను చూసిన మాకు అది కొత్తగా ఉంటుందా?
— ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం: ఒక్క పూట చాలదు. అంతకంటే ముఖ్యమైన లోపం ఇంకొకటుంది. మీ ఏజెంటు ఎంచుకున్న పూట, ఆ గుడిలో మీరు చూడవలసిన శిల్పాలకు సరిపడే పూట కాదు.

అంగ్‌కోర్ వాట్‌ను 12వ శతాబ్దపు పూర్వార్ధంలో కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజు రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించాడు. మన గుళ్లలో చాలా వాటికి తూర్పు ముఖద్వారం ఉంటుంది కదా, ఈ గుడి మాత్రం పడమటి ముఖంగా ఉంది. అందువల్ల సూర్యుడు గోపురాల వెనుక నుంచి లేస్తాడు. కొలను గట్టున నిలబడి తీసే ఫోటో అందంగానే వస్తుంది కానీ, ఆ వేళకు గుడి ముందు భాగమంతా నీడలో ఉంటుంది. గుడి చుట్టూ పొడవాటి వసారాలలో గోడల మీద చెక్కిన కథలే అక్కడి అసలు సంపద. పడమటి వసారాలో ద్వారానికి ఒక పక్క కురుక్షేత్ర యుద్ధం, మరొక పక్క లంకా యుద్ధం ఉన్నాయి. ఈ రెండింటి మీదా మధ్యాహ్నం మూడు దాటిన తరువాతే ఎండ ఏటవాలుగా పడుతుంది. అప్పుడు అంపశయ్య మీది భీష్ముడు, హనుమంతుని భుజాల మీద నిలబడి విల్లు ఎక్కుపెట్టిన రాముడు రాతిలో నుంచి పైకి తేలినట్టు కనిపిస్తారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఏజెంటు వేసిన పట్టికనే నమ్ముకుని ఉదయం పదికల్లా బయటపడ్డాను. చేతికి అందేంత దూరంలో ఉన్న రాముణ్ణి పోల్చుకోలేకపోయానని రెండవసారి వెళ్లినప్పుడు కానీ తెలియలేదు.

ఉదయంపూట చూడవలసినది తూర్పు వసారాలోని సముద్ర మథనం. సుమారు 49 మీటర్ల పొడవున ఒకే ఫలకం మీద ఒక వైపు అసురులు, మరొక వైపు దేవతలు వాసుకిని పట్టి లాగుతుంటారు, నడుమ విష్ణువు ఉంటాడు. అక్కడ మీ అమ్మాయిని కవ్వపు కొండ మొదట్లోకి వంగి చూడమనండి. నీటి సుడికి చేపలూ మొసళ్లూ రెండు ముక్కలై ఎగిరిపడుతున్నట్టు చెక్కారు. దేవతల వరుస చివర, తోక దగ్గర, హనుమంతుడని చెప్పే వానరమూర్తి ఉంటాడు. మన పురాణంలో లేని ఆ పాత్ర అక్కడికి ఎలా వచ్చిందని గైడును అడిగితే, తెలిసినవాడో కాదో వెంటనే తేలిపోతుంది. లైసెన్సు ఉన్న గైడును కనీసం ఒక రోజుకైనా పెట్టుకోండి. కథ మనకు తెలిసినదే అయినా, ఖ్మేర్ శిల్పి దాన్ని ఎటు నుంచి చదవమన్నాడో చెప్పేవారు కావాలి. ఈ ఫలకాలను వరుసగా చూడాలంటే గుడిని ఎడమ చేతి వైపు ఉంచుకుని, అంటే అప్రదక్షిణంగా నడవాలి. మీ అత్తగారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది.

టిక్కెట్టు ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62 డాలర్లు. మూడు రోజుల టిక్కెట్టును పది రోజుల లోపు ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. సాయంత్రం అయిదు గంటల తరువాత కొన్న టిక్కెట్టు మరునాటి నుంచి లెక్కకు వచ్చినా, ఆ సాయంత్రమే లోపలికి వెళ్లి సూర్యాస్తమయం చూడనిస్తారు. థాయిలాండ్‌లో ఒక రోజు తగ్గించి ఇక్కడ కలపమని ఏజెంటుతో గట్టిగా చెప్పండి. మోకాళ్లు, భుజాలు కప్పే దుస్తులు లేకపోతే గుడి పై అంతస్తుకు పంపరు, ఆ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. అక్కడికి మీ అత్తగారిని తీసుకువెళ్లవద్దు. ఆవిడ కోసం బంతియాయ్ స్రేయ్ ఉంది. ఇది రాజు కట్టించిన గుడి కాదు. యజ్ఞవరాహుడనే రాజగురువు పూనికతో వెలిసి 967లో ప్రతిష్ఠ జరిగిన చిన్న శివాలయం. గులాబి రంగు ఇసుకరాతి మీద చెక్కపనిలాంటి నగిషీతో, కైలాసాన్ని కుదిపే రావణుడు, వాలిసుగ్రీవుల పోరు కంటి ఎత్తులోనే కనిపిస్తాయి. ఎక్కవలసిన మెట్లు లేవనే చెప్పాలి. మీరు బస చేసే సియెమ్ రీప్ పట్టణానికి కొంత దూరం కనుక ఉదయాన్నే బయలుదేరండి.

ఇక ఆ సరస్సు పేరు తొన్లే సాప్. చిలిక ఒడ్డున రంభలోనో బర్కూలులోనో పడవ ఎక్కిన మీకు ఇది తప్పకుండా కొత్తగానే ఉంటుంది. చిలిక సముద్రంతో కలిసిన ఉప్పునీటి సరస్సు, తొన్లే సాప్ మంచినీటి సరస్సు. ఎండాకాలంలో దాని నీరు ఒక నది గుండా మెకాంగ్‌లోకి పోతుంది. వానాకాలంలో మెకాంగ్ పొంగినప్పుడు అదే నది వెనక్కి తిరిగి సరస్సులోకి ప్రవహిస్తుంది. సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల సరస్సు అప్పుడు అయిదారు రెట్లు పెరుగుతుంది, మీటరు లోతు తొమ్మిది మీటర్ల వరకు పోతుంది. కంపోంగ్ ఫ్లుక్ వంటి ఊళ్లలో ఇళ్లు తాడిచెట్టంత కొయ్యల మీద ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది. మీరు వెళ్లే డిసెంబరు నాటికి నీరు తగ్గుముఖం పట్టి ఉంటుంది కానీ పడవ ప్రయాణానికి లోటుండదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లినవారు బురదను చూసి ఏజెంటును తిట్టుకుంటూ వస్తారు.

భోజనం విషయంలో జాగ్రత్త అవసరం. కూరగాయల వంటకంలో కూడా చేపల ద్రావకం పోయడం అక్కడి అలవాటు. సియెమ్ రీప్ పట్టణంలో భారతీయ భోజనశాలలు ఉన్నా, పగలు గుళ్ల దగ్గర అవి దొరకవు. అటుకులు, పప్పుల పొడి వెంట ఉంచుకోండి. మన బరంపురం ఆవకాయను చేతిసంచిలో కాకుండా లగేజీలో వేయండి. నూనె ఉన్న సీసాను విమానాశ్రయం తనిఖీలో పక్కన పెట్టేస్తారు. డాలరు నోట్లు చిరుగు లేనివి చూసి తీసుకోండి, అంచు కాస్త చిరిగినా అక్కడ ఎవరూ పుచ్చుకోరు.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, వయసు 66. మోకాళ్ల నొప్పి ఉంది. ఫిబ్రవరిలో మా బృందం శ్రీలంక వెళుతోంది. సిగిరియా కొండ ఎక్కగలనా? ఎక్కలేకపోతే ఆ యాత్ర దండగేనా? లంకతో మన కళింగానికి సంబంధం ఉందని విన్నాను, దాన్ని కళ్లారా చూపే స్థలాలేమైనా ఉన్నాయా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: మాస్టారూ, ముందుగా కొండ సంగతి. సిగిరియా శిల సుమారు 200 మీటర్ల ఎత్తు, శిఖరం దాకా దాదాపు 1,200 మెట్లున్నాయి. కుడ్యచిత్రాలున్న గుహ సగం దారిలోనే వస్తుంది కానీ, దానికి గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లున్నాయి. సింహపు పంజాలున్న తిన్నె నుంచి పైకి శిల అంచున అమర్చిన ఇనుప మెట్ల మీదే నడవాలి. ఎక్కడం కంటే దిగడం మోకాళ్లకు కష్టం. వెనుక జనం వస్తుంటారు కనుక మధ్యలో కూర్చోవడానికి వీలుండదు. మీరు ఎక్కవద్దనే మా సలహా.

అయినా సిగిరియాకు వెళ్లడం మానకండి. తండ్రి ధాతుసేనుణ్ణి చంపి గద్దెనెక్కిన కశ్యపుడు, భారతదేశానికి పారిపోయిన సోదరుడు మొగ్గల్లానుడు ఎప్పుడు సైన్యంతో తిరిగివస్తాడోనన్న భయంతో 477 నుంచి 495 వరకు ఈ శిలను రాజధానిగా చేసుకున్నాడు. శిఖరం మీద ఇప్పుడున్నవి పునాదులూ, ఒక కోనేరూ మాత్రమే. ఆ రాజు ప్రతిభ కొండ కింద ఉన్న జలోద్యానాలలోనే బాగా తెలుస్తుంది. చదునైన నేల మీద, తలుపు దాటగానే కనిపించే ఆ తోటలలో రాతి పలకకు చిల్లులు వేసి చేసిన ఫౌంటెన్లున్నాయి. భూమి లోపలి కాలువలలో నీటి ఒత్తిడితోనే పనిచేసేటట్టు అమర్చారు. పదిహేను వందల ఏళ్ల తరువాత కూడా వానాకాలంలో అవి నీరు చిమ్ముతాయి. మీ బృందం పైకి వెళ్లి వచ్చే రెండున్నర మూడు గంటలూ మీరు ఆ తోటలలోను, పక్కనున్న మ్యూజియంలోను గడపవచ్చు. టిక్కెట్టు దగ్గర పాస్‌పోర్టు చూపించండి, సార్క్ దేశాలవారికి రుసుము తక్కువ.

ఇక కళింగం. మీరు చూడవలసినది లంక పాత రాజధాని పొలొన్నరువ. అక్కడి శిథిలాలన్నీ చదునైన నేల మీదే ఉన్నాయి, చాలా చోట్లకు వాహనం దగ్గరగా వెళుతుంది. 1187 నుంచి 1196 వరకు ఏలిన నిశ్శంకమల్లుడు ‘గల్‌పొత’ అనే శాసనం వేయించాడు. గల్‌పొత అంటే రాతి పుస్తకం. తాటాకు గ్రంథం ఆకారంలో, సుమారు ఎనిమిది మీటర్ల పొడవున్న ఒకే రాయి మీద వరుసలు వరుసలుగా సింహళ అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఇంతటి బండను మిహింతలె నుంచి మోయించుకువచ్చానని కూడా రాజు అందులోనే చెప్పుకున్నాడు, మొహమాటపడే మనిషి కాదు. తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని అతడు ఆ శాసనంలో చెప్పాడు. కొందరు పండితులు ఆ సింహపురాన్ని మలయా ద్వీపకల్పం వైపు వెతికినా, కళింగాన్ని తొలినాళ్లలో ఏలిన రాజుల సింహపురం శ్రీకాకుళం దగ్గరి సింగుపురమేనని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. మీ ఊరి నుంచి శ్రీకాకుళం వెళ్లి వచ్చినంత తేలికగా చేరగల పల్లె పేరు, సముద్రం దాటి, ఒక రాజు తన పుట్టుక చెప్పుకోవడానికి చెక్కించిన రాతిలో ఉందన్నమాట. ప్రయాణానికి ముందు ఒక ఆదివారం సింగుపురం వెళ్లి వస్తే, గల్‌పొత ముందు నిలబడినప్పుడు మీకు కలిగే అనుభూతి మీ బృందంలో మరెవరికీ కలగదు.

రెండవది కాండీలోని దంతాలయం. బుద్ధుని దంతధాతువును కళింగ రాజు గుహశివుని కుమార్తె హేమమాల తన కొప్పులో దాచి, భర్త దంతకుమారునితో కలిసి 4వ శతాబ్దంలో లంకకు చేర్చిందని సింహళ సంప్రదాయం చెబుతుంది. ఆమె బయలుదేరిన దంతపురం పూరీయేనని కొందరు, శ్రీకాకుళం జిల్లాలోని దంతవక్త్రుని కోటేనని మరికొందరు అంటారు. దంతాన్ని బయటికి చూపరు, దాన్ని ఉంచిన బంగారు కరండాన్నే (భరిణెనే), అదీ పూజావేళల్లో, కొన్ని క్షణాలు చూడనిస్తారు. తెల్లవారుజామున, ఉదయం, సాయంత్రం జరిగే మూడు పూజలలో తెల్లవారుజాము పూజకు రద్దీ తక్కువ. బుద్ధవిగ్రహానికి వీపు తిప్పి ఫోటో దిగడం ఆ దేశంలో పెద్ద అపచారం, బృందంలోని కుర్రవాళ్లకు గురువుగారిగా మీరే చెప్పాలి.

పొలొన్నరువలోనే గల్ విహారంలో పద్నాలుగు మీటర్ల శయన బుద్ధుణ్ణి చూడడం మరవకండి. తలగడ మీద తల బరువుకు పడిన గుంటను కూడా శిల్పి చెక్కాడు. ఎండకు రాతినేల కాలుతుంది, చెప్పులు విప్పి నడవాలి కనుక మేజోళ్లు వెంట ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. నవంబరులో వెళ్లి మే నెలాఖరు దాకా ఉంటాం. వాడికి డిసెంబరు చివరి వారంలోనే సెలవులు. అప్పుడే నయాగరా చూపిస్తానంటున్నాడు. “కెనడా వైపు నుంచే బాగుంటుంది, వంతెన దాటితే చాలు” అని మా బంధువులు అంటున్నారు. లాస్ వేగాస్ నుంచి గాజు వంతెన మీద గ్రాండ్ కాన్యన్ కూడా చూడాలని మా ఆవిడ కోరిక. ఏమంటారు?
— ఒక పాఠకుడు, జయపురం

సమాధానం: మీరు జయపురం వారు కనుక డుడుమ జలపాతాన్ని చూసే ఉంటారు. ఎత్తులో అది నయాగరాకు రెండింతలకు పైబడినదే. కానీ మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం కోసం నీటిని మళ్లించడం వల్ల, వానలు లేని రోజుల్లో కొండ మీద తెల్లటి దారంలా మిగిలిపోతుంది. నయాగరా కథ కూడా ఇలాంటిదే. ఆ నదిలో నీరు ఎంత వస్తుందన్నది ప్రకృతి నిర్ణయిస్తే, జలపాతం మీదుగా ఎంత పడాలన్నది ఒక ఒప్పందం నిర్ణయిస్తుంది. 1950లో అమెరికా, కెనడా కుదుర్చుకున్న ఒడంబడిక ప్రకారం, ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పగటివేళ కనీసం 1,00,000 క్యూసెక్కులు జలపాతానికి వదలాలి. రాత్రివేళల్లోను, చలికాలమంతా రోజంతటా 50,000 క్యూసెక్కులు వదిలితే చాలు, మిగిలినది విద్యుత్తుకు పోతుంది. అంటే డిసెంబరులో వెళితే మీకు దక్కేది సగం జలపాతమే. పడవలు కూడా ఆ నెలల్లో తిరగవు. ‘మెయిడ్ ఆఫ్ ది మిస్ట్’ పడవ మీద గుర్రపు నాడా ఆకారపు జలపాతం కిందికి వెళ్లి, ముఖం మీద జల్లు పడుతూ, పక్కవారి మాట వినబడని హోరులో నిలబడడమే నయాగరాను చూడడం. అంచున పేరుకున్న మంచు కూడా ఒక అందమే. అయితే రెండోసారి వెళ్లేవారికి అది సరిపోతుంది, మొదటిసారి వెళ్లే మీకు కాదు.

కనుక నయాగరాను మే నెలకు వాయిదా వేయించండి. ఆ నెల చివరి సోమవారం అమెరికాలో ప్రభుత్వ సెలవు, మీ అబ్బాయికి మూడు రోజులు కలిసివస్తాయి. న్యూజెర్సీ నుంచి కారులో ఏడు గంటల ప్రయాణం. కెనడా వైపు నుంచి జలపాతం ఎదురుగా నిండుగా కనిపిస్తుందన్న మాట నిజమే. అయితే అమెరికా సందర్శక వీసాతో ఆ వంతెన దాటలేరు, కెనడా వీసా విడిగా తీసుకోవాలి. బంధువుల మాట విని వంతెన మధ్య దాకా వెళ్లి వెనక్కి వచ్చిన దంపతుల ఉత్తరం ఇంతకుముందు మాకు ఒకటి వచ్చింది.

డిసెంబరు సెలవులకు గ్రాండ్ కాన్యన్ పెట్టుకోండి. కొలరాడో నది కోసిన ఆ లోయ 446 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 1.6 కిలోమీటర్ల లోతు. మీ ఆవిడకు ఒక్క సంగతి చెప్పాలి. గాజు వంతెన ఉన్నది జాతీయ ఉద్యానవనంలో కాదు, హువాలపాయ్ అనే స్థానిక తెగ వారి సొంత భూమిలో. దాని టిక్కెట్టు వేరు, చోటు వేరు. ఫోటోలలో చూసి మనం ముచ్చటపడే లోయ, వరుసలు వరుసలుగా రంగులు మారే ఆ రాతిపొరలు, దక్షిణపు అంచు నుంచి కనిపిస్తాయి. లాస్ వేగాస్ నుంచి సుమారు 450 కిలోమీటర్లు. ఒక్క రోజులో రెండూ చూపిస్తామనే బస్సులను నమ్మవద్దు. దక్షిణపు అంచు ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. రెండు వేల మీటర్లకు మించిన ఎత్తు కనుక డిసెంబరులో మంచు పడవచ్చు, మన కోరాపుట్ చలికి కొన్న స్వెటర్లు అక్కడ ఆనవు. అంచునే ఒక రాత్రి బస చేసి, సాయంత్రం ఎండ వాలేటప్పుడు ఒకసారి, తెల్లవారుతున్నప్పుడు ఒకసారి చూడండి.

ప్రశ్న: నా పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో ఒడియా ఉచ్చారణ ప్రకారం మరొక విధంగా ఉంది. స్నేహితులతో దుబాయి మీదుగా ఈజిప్టు పిరమిడ్లు చూడడానికి వెళ్లాలని ఉంది. ఇబ్బంది అవుతుందా?
— ఒక పాఠకుడు, గుణుపురం

సమాధానం: సరిహద్దు జిల్లాల తెలుగువారందరికీ ఉన్న చిక్కే ఇది. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయకముందే ఆధార్‌ను, ధ్రువపత్రాన్ని ఒకే తీరుకు తెచ్చుకోండి. ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో వచ్చే సందర్శకులను దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశం (యు.ఏ.ఈ.) 2022 నుంచి అనుమతించడం లేదు. విమాన టిక్కెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి.

ప్రశ్న: వెళ్లిన ప్రతి చోట నుంచి ఒక చిన్న రాయి తెచ్చి అద్దాల బీరువాలో పెట్టడం నాకు అలవాటు. కోణార్క తీరం నుంచి హంపి దాకా ముప్పై రాళ్లున్నాయి. విదేశాల నుంచి తేవచ్చా?
— ఒక పాఠకురాలు, రాయగడ

సమాధానం: తేవద్దు. అంగ్‌కోర్‌లో నేల మీద పడి ఉన్న ముక్క కూడా పురావస్తువే కావచ్చు, దాన్ని తీసుకోవడం నేరం. అమెరికా జాతీయ ఉద్యానవనాలలో రాయి, పువ్వు, పక్షి ఈక సహా ఏదీ తీయకూడదు. ప్రవేశ టిక్కెట్లను, అక్కడి తపాలా ముద్ర వేయించి మీకు మీరే పంపుకున్న పోస్టుకార్డులను బీరువాలో పెట్టుకోండి. అరిజోనాలో చెట్లు రాళ్లుగా మారిన ‘పెట్రిఫైడ్ ఫారెస్ట్’ అనే జాతీయ ఉద్యానవనం ఉంది. అక్కడి నుంచి ముక్కలు జేబులో వేసుకుపోయినవారు, తరువాత మనసొప్పక, క్షమాపణ ఉత్తరాలతో సహా వాటిని తిరిగి పంపుతుంటారు. ఏ ముక్క ఎక్కడిదో తెలియకపోవడంతో ఉద్యోగులు వాటిని మళ్లీ అడవిలో పెట్టలేరు. సిబ్బంది తిరిగే ఒక దారి పక్కన అవన్నీ కుప్పగా పడి ఉన్నాయి.